ఇద్దరితోనూ మాట్లాడగలిగిన దేశం ఏం చేయాలి? విదేశాంగ మంత్రి గారికి సోంపేట నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతాను. మా ఉద్దానం నుంచి మీ శాఖకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఎక్కడో ఓడలో ఇరుక్కుపోయిన కుర్రాడిని తీసుకురమ్మనో, గల్ఫ్‌లో చనిపోయిన మనిషి శవాన్ని ఇంటికి రప్పించమనో రాస్తుంటారు. ఈ ఉత్తరం అలాంటిది కాదు. పరాయి దేశాల యుద్ధాల్లో మనం ఏ పక్షమూ చేరకుండా నిలబడుతున్నాం. అలా నిలబడినందుకు మనకు దొరికిన పలుకుబడిని దేనికి ఖర్చు పెడుతున్నామని అడగడానికి రాస్తున్నాను.

రష్యా, ఉక్రెయిన్ యుద్ధంలో మనం ఎవరి వెనకా చేరకపోవడాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో రష్యాను తప్పుపడుతూ 141 దేశాలు ఓటు వేశాయి, 5 దేశాలు వ్యతిరేకించాయి. ఓటింగుకు దూరంగా ఉన్న 35 దేశాల్లో మనమూ ఉన్నాం. ఆ రోజుకి మన పిల్లలు ఖార్కివ్, సుమీ నగరాల్లో నేలమాళిగల్లో తలదాచుకుని ఉన్నారు. మన సైన్యం వాడే ఆయుధాల్లో ఎక్కువ భాగం రష్యా నుంచి వచ్చినవే. ప్రభుత్వం ఎందుకు అలా నిర్ణయించుకుందో నాకు అర్థమవుతుంది. నెల తిరిగేసరికి ఉక్రెయిన్ పట్టణం బూచాలో పౌరుల శవాలు బయటపడ్డాయి. అప్పుడు మన ప్రతినిధి భద్రతా మండలిలో ఆ హత్యలను ఖండించి, స్వతంత్ర విచారణ జరగాలని కోరారు. ఏ పక్షమూ చేరకుండానే ఘోరాన్ని ఘోరమని చెప్పవచ్చని ఆ రోజు మన దేశమే చూపించింది. నేను అడగబోయేవన్నీ ఆ దారిలోవే.

యుద్ధం ఎంత దూరాన జరిగినా మాకు దగ్గరే. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఓడల మీద పనిచేసే మనిషి లేని ఊరు వెతికితేగాని దొరకదు. మా తమ్ముడు ఓడ ఇంజన్ గదిలో పనిచేసే మోటర్‌మ్యాన్. 2023 నవంబరులో యెమెన్‌లోని హౌతీలు ఎర్ర సముద్రంలో ఓడలను పట్టుకోవడం, వాటి మీదికి డ్రోన్లు, క్షిపణులు వదలడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి మా ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఓడలు ఎక్కడున్నాయో చూపించే యాప్ ఉంది. ఏడెన్ దాటాక చాలా ఓడలు తమ ఉనికి తెలియకుండా సిగ్నల్ ఆపేస్తాయి. తెర మీద చుక్క మాయమవుతుంది. మళ్ళీ అది కనిపించేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. ఆ టెన్షన్ మా వీధిలో ఏ ఇంటికీ కొత్త కాదు.

ఆ రోజుల్లో మన నావికాదళం చేసిన పని గురించి ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. అమెరికా నాయకత్వంలో ఏర్పడిన నౌకా కూటమిలో మనం చేరలేదు. మన యుద్ధనౌకలను మనమే విడిగా పంపాం. 2024 జనవరి 17 రాత్రి జెన్కో పికార్డీ అనే ఓడ మీద డ్రోన్ దాడి జరిగింది. అందులో ఉన్న 22 మందిలో 9 మంది భారతీయులు. సాయానికి వెళ్ళింది ఐఎన్ఎస్ విశాఖపట్నం. పది రోజులైనా కాకముందే, జనవరి 26న, నాఫ్తా అనే తేలిగ్గా మండే నూనె నింపుకుని పోతున్న మార్లిన్ లువాండా మీద క్షిపణి పడి మంటలు లేచాయి. ఆ ఓడలో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. అక్కడికీ ఐఎన్ఎస్ విశాఖపట్నమే వెళ్ళి, మంటలార్పే బృందాన్ని ఓడ ఎక్కించింది. మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ మీద దాడిలో ముగ్గురు నావికులు చనిపోయారు. మిగిలిన 21 మందిని ఐఎన్ఎస్ కోల్‌కతా సముద్రంలోంచి తీసి జిబూటీ చేర్చింది. వాళ్ళలో మన దేశస్థుడు ఒక్కడే. తక్కినవాళ్ళలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్, వియత్నాం వాళ్ళు. ఆ ఒక్కణ్ణి తీసుకుని మన నౌక వెనక్కి రాలేదు కదా. మా తమ్ముడు ఈ ఓడల్లో దేనిలోనూ లేడు. అయినా ఆ వార్తలు చదివినప్పుడు మా అమ్మ దేవుడి గదిలోకి వెళ్ళి దీపం పెట్టింది.

ఇద్దరితోనూ మాట కలిపి ఉంచుకున్నందువల్ల ఏం దొరుకుతుందో మనం చాలాసార్లు చూశాం. 2015లో యెమెన్ మీద సౌదీ విమానాలు బాంబులు వేస్తుంటే, మన విమానాలు సనా నగరంలో దిగడానికి రోజూ కొన్ని గంటలు అనుమతి ఇచ్చింది ఆ సౌదీయే. నేల మీద హౌతీలూ అడ్డుపడలేదు. ఆపరేషన్ రాహత్‌లో నాలుగున్నర వేలకు పైగా భారతీయులు బయటపడ్డారు, వాళ్ళతో పాటు 41 దేశాలకు చెందిన 960 మంది విదేశీయులు కూడా. 2022 మార్చిలో సుమీలో ఇరుక్కున్న దాదాపు 700 మంది విద్యార్థుల కోసం మన ప్రధాని ఒకే రోజు జెలెన్‌స్కీతోనూ పుతిన్‌తోనూ ఫోన్‌లో మాట్లాడారు. మర్నాడు వాళ్ళు బస్సుల్లో పొల్తావా చేరారు. ఆపరేషన్ గంగలో మొత్తం 22,500 మంది ఇంటికి వచ్చారు, 18 దేశాలకు చెందిన 147 మంది పరాయివాళ్ళు కూడా మన విమానాలెక్కారు. మికొలాయివ్ ఓడరేవులో చిక్కుకున్న మన నావికులను మన రాయబార కార్యాలయం బస్సులు పెట్టి బయటికి తెచ్చినప్పుడు, లెబనాన్, సిరియా నావికులను కూడా ఎక్కించుకుంది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ ఒకదానిమీద ఒకటి క్షిపణులు వేసుకుంటున్నప్పుడు, ఇరాన్ మూసేసిన తన గగనతలాన్ని మన విద్యార్థుల విమానాల కోసం తెరిచింది.

ఇవన్నీ గర్వపడాల్సిన పనులే. అయితే వీటిలో చాలావరకు మనవాళ్ళను మనం తెచ్చుకున్నవే, పరాయివాళ్ళు ఆ దారిలో కలిసొచ్చారు. నేను అడిగేది తర్వాతి మెట్టు గురించి. యుద్ధం చేస్తున్న ఇద్దరూ మన ఫోన్ ఎత్తుతారు కదా. మనవాళ్ళు అక్కడ ఎవరూ లేనప్పుడు కూడా ఆ ఫోన్ చేస్తున్నామా?

ఒకప్పుడు చేశాం. కొరియా యుద్ధానికి మనం పోరాడే సైన్యాన్ని పంపలేదు. లెఫ్టినెంట్ కర్నల్ రంగరాజ్ నాయకత్వంలో 60వ పారా ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య బృందాన్ని పంపాం. 1950 డిసెంబరులో ప్యాంగ్యాంగ్ నుంచి ఐక్యరాజ్యసమితి సేనలన్నీ వెనక్కి పోతున్నాయి. ఈ బృందానికి వాహనాలు లేవు. మందులు, పరికరాలు వదిలేసి పొమ్మన్నారు. వీళ్ళు వదల్లేదు. వదిలేసి ఉన్న ఒక రైలింజన్ కనిపిస్తే, బకెట్లతో నీళ్ళు మోసి బాయిలరు నింపి, ఇంజన్ నడపడం తెలిసిన తమ సిపాయిలతోనే దాన్ని నడిపించుకుని, వంతెన పేల్చెయ్యకముందే ఆస్పత్రి సామానంతా నది దాటించారు. యుద్ధం ముగిసేలోపు దాదాపు రెండు లక్షల మందికి వాళ్ళు వైద్యం చేశారు. దేగు పట్టణంలో మామూలు జనానికి కూడా చికిత్స చేశారు. ఈ కథ చెప్పినప్పుడు పదో తరగతిలో వెనక బెంచీ పిల్లలు కూడా మాట్లాడకుండా వింటారు.

అంతకంటే కష్టమైన పని ఆ తర్వాత వచ్చింది. కొరియా యుద్ధం ఆగకుండా సాగడానికి పెద్ద కారణం ఖైదీలు. సొంత దేశానికి తిరిగి వెళ్ళబోమని వేలమంది మొరాయించారు. వాళ్ళను బలవంతంగా పంపాలని ఒక పక్షం, వద్దని రెండో పక్షం. 1952లో కృష్ణ మీనన్ ఐక్యరాజ్యసమితిలో ఒక మధ్యేమార్గం ప్రతిపాదించారు. 1953 జులై 27న కాల్పులు ఆగాయి. తిరిగి వెళ్ళనన్న ఖైదీలను చూసుకోవడానికి స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకొస్లొవేకియా, భారత్‌లతో ఒక కమిషన్ వేశారు. అధ్యక్షత మనది, అంటే జనరల్ తిమ్మయ్యది. కాపలా కూడా మన సైన్యానిదే. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ భారత సిపాయిలను తన నేల మీద అడుగు పెట్టనివ్వనన్నారు. దాంతో మనవాళ్ళను ఓడల నుంచి హెలికాప్టర్లలో శిబిరాలకు చేర్చాల్సి వచ్చింది. 22 వేలకు పైగా చైనా, ఉత్తర కొరియా ఖైదీలు రాళ్ళు రువ్వారు, తిట్టారు. ఒక భారత అధికారిని లోపలికి లాక్కుని బందీని చేస్తే, మేజర్ జనరల్ థోరట్ ఆయుధం లేకుండా వాళ్ళ మధ్యకు వెళ్ళి మాట్లాడి విడిపించుకొచ్చారు. అన్నీ సాఫీగా ఏమీ జరగలేదు. కాల్పులు జరిగిన రోజులూ ఉన్నాయి, చనిపోయిన ఖైదీలూ ఉన్నారు. మనం అవతలివాళ్ళ మనుషులమని ఇటు, ఇటువాళ్ళ మనుషులమని అటు తిట్టారు. అయినా ఆ పని పూర్తిచేసి 1954లో వెనక్కి వచ్చాం. ఏ దేశానికీ పోమన్న 88 మందిని మన వెంట మన దేశానికే తెచ్చుకున్నాం. స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్ళయిన దేశం, తిండిగింజలకు కటకటపడుతున్న దేశం, ఆ బరువు నెత్తికెత్తుకుంది.

ఇప్పుడు అలాంటి పనులు ఎవరు చేస్తున్నారు? 2022 జులైలో ఉక్రెయిన్ ధాన్యం నల్ల సముద్రం దాటేలా ఇస్తాంబుల్‌లో ఒప్పందం కుదిర్చింది ఐక్యరాజ్యసమితితో కలిసి తుర్కియే. ఏడాది పాటు దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నుల గింజలు ఆ దారిన బయటికి వచ్చాయి. రష్యా, ఉక్రెయిన్ మధ్య వేలమంది యుద్ధఖైదీల మార్పిడికి మధ్యవర్తిత్వం నెరిపింది యూఏఈ. తల్లిదండ్రుల నుంచి దూరమైన ఉక్రెయిన్ పిల్లలను కొందరిని ఇళ్ళకు చేర్చడానికి నడుం కట్టింది ఖతార్. జనాభాలో, సైన్యంలో, మాస్కోతో స్నేహంలో వీళ్ళెవరికంటే మనం తక్కువ? మన ప్రధాని 2024 జులైలో మాస్కో వెళ్ళారు, ఆగస్టులో కీవ్ వెళ్ళారు. ఆరు వారాల్లో ఆ ఇద్దరినీ ఆలింగనం చేసుకోగలిగిన నాయకులు ప్రపంచంలో ఎంతమంది ఉన్నారు? ఒక్క ఖైదీల మార్పిడి మన ఢిల్లీలో జరిగి ఉంటే అది 140 కోట్ల మందికి దక్కిన గౌరవం అయ్యేది.

ఖైదీ అంటే, జాడ తెలియని మనిషి అంటే ఏమిటో మా జిల్లాకు, పక్కనున్న విజయనగరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడి మత్స్యకారులు పని కోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి, అక్కడి బోట్ల మీద వేటకు పోతారు. 2018 నవంబరులో వాళ్ళలో కొందరిని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర మన నేల మీద అడుగు పెట్టారు. మధ్యలో ఏడాదికి పైగా ఎచ్చెర్ల తీరంలోని గుడిసెల్లో ఆడవాళ్ళు ఎదురుచూసింది ఒక కాగితం కోసం. 2008 ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్‌లు ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశస్థుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ జాబితాలో పేరుంటే మనిషి బతికున్నట్టు. రెండు దేశాలూ ఎంత కొట్లాడుకున్నా ఆ కాగితం చేతులు మారడం ఆగలేదు. 1971 యుద్ధం తర్వాత మనకూ పాకిస్తాన్‌కూ రాయబార సంబంధాలు లేని 1976 వరకు, అక్కడ మన పనులను, ఇక్కడ వాళ్ళ పనులను చూసిపెట్టింది స్విట్జర్లాండ్. అంటే మనం కూడా ఒక తటస్థ దేశం చేసిన మేలు పొందినవాళ్ళమే. ఈరోజు రష్యా, ఉక్రెయిన్ రెండింట్లోనూ పదుల వేల కుటుంబాలు తమవాళ్ళ జాడ చెప్పమని రెడ్‌క్రాస్‌ను అడుగుతున్నాయి. పేర్ల జాబితాలు మార్చుకునే పనికి మేం పూచీ ఉంటామని మన దేశం ముందుకు రావచ్చు. దానికి ఎవరి పక్షమూ చేరక్కర్లేదు, ఒక్క తుపాకీ కూడా పంపక్కర్లేదు.

ఇక సహాయం సంగతి. దీని గురించి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఎందుకంటే సాయం అందుకున్నవాళ్ళ వైపు నుంచి మాకు తెలుసు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరి తోటలు లేవు, జీడి తోటలు లేవు, కరెంటు స్తంభం ఒక్కటి నిలబడి లేదు. కరెంటు లేకపోతే బోరు మోటార్లు తిరగవు, నీళ్ళు రావు. రాష్ట్రం నలుమూలల నుంచి మంచి మనసుతో లారీలు వచ్చాయి. చాలా లారీల్లో పాత బట్టలు. అవి బడి వరండాలో గుట్టలు పడి వానకు తడిసి ముక్కిపోయాయి. అప్పుడు మాకు కావలసింది నీళ్ళ ట్యాంకరు, జనరేటరు, కొవ్వొత్తులు, పసిపిల్లలకు పాలపొడి. అన్నిటికంటే ఎక్కువ ఉపకారం చేసింది వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్లు. ఇంటిని వదిలి వచ్చి, బడుల్లో పడుకుని, పొద్దుపోయేదాకా స్తంభాలు ఎక్కి దిగారు. కరెంటు వచ్చిన రోజున మా ఊరివాళ్ళు వాళ్ళకు కోళ్ళు కోసి భోజనాలు పెట్టారు. సాయం అంటే ఎన్ని టన్నులు పంపామన్నది కాదని, ఆ పూట ఆ మనిషికి ఏది లేక ప్రాణం పోతోందో అది పంపడమని మేం అప్పుడు చూశాం.

ఆ లెక్కన గాజాలో ఏది లేక ప్రాణాలు పోయాయో మా ఉద్దానానికి వెంటనే అర్థమైంది. మా దగ్గర రెండు దశాబ్దాలకు పైగా కిడ్నీ జబ్బు మనుషులను తినేస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చలేదు. సోంపేట, కవిటి, పలాస ఆస్పత్రుల్లో డయాలసిస్ మిషన్లు ఏ రోజూ ఖాళీగా ఉండవు. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కసారి చేయాలంటే దాదాపు 120 లీటర్ల శుద్ధిచేసిన నీళ్ళు కావాలి. ఆగని కరెంటు కావాలి. రక్తాన్ని వడగట్టే డయలైజరు, ట్యూబులు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కావాలి, రక్తం పట్టడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షను కావాలి. వారానికి రెండు మూడుసార్లు ఇది జరగాలి. ఒక్కసారి తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి, రెండుసార్లు తప్పితే ఊపిరి ఆడదు. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మ కూడా ఈ వివరాలన్నీ చెప్పగలదు, ఆవిడ భర్త వారానికి రెండుసార్లు వెళ్తాడు. 2023 చివరి నెలల్లో గాజాలో వెయ్యి మందికి పైగా డయాలసిస్ రోగులున్నారు. ఇంధనం లేక, నీళ్ళు లేక వాళ్ళకు డయాలసిస్ గంటలు కోసేశారు, వారానికి ఎన్నిసార్లు చేయాలో అదీ తగ్గించేశారు. అదే ఏడు ఏప్రిల్‌లో సూడాన్‌లో సైన్యమూ అర్ధసైనిక దళమూ కొట్టుకోవడం మొదలయ్యాక అక్కడా డయాలసిస్ కేంద్రాలు మూతపడ్డాయి. బాంబు తగలకుండానే చనిపోయిన ఈ మనుషుల గురించి టీవీలో పెద్దగా చెప్పలేదు. మా వాళ్ళు మాత్రం ఆ రెండు వాక్యాల వార్త దగ్గర ఆగిపోయారు.

2023 అక్టోబరు 22న మన వాయుసేన విమానం ఆరున్నర టన్నుల మందులు, 32 టన్నుల ఇతర సామగ్రి తీసుకుని ఈజిప్టులోని ఎల్ అరీష్‌లో దిగింది. పాలస్తీనా శరణార్థుల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థకు మనం ఏటా 50 లక్షల డాలర్లు ఇస్తున్నాం. ఉక్రెయిన్‌కు 2022 మార్చి 1 నుంచే మందులు, టెంట్లు, దుప్పట్లు పంపాం. 2024 ఆగస్టులో మన ప్రధాని కీవ్‌లో భీష్మ్ క్యూబులు అనే, ఎక్కడికైనా తీసుకెళ్ళగల వైద్య పెట్టెలు నాలుగు ఇచ్చారు. ఒక్కో దానిలో సుమారు 200 మంది క్షతగాత్రులకు అత్యవసర చికిత్స చేయడానికి సరిపడే సామగ్రి ఉంటుంది. వీటికి నేను నమస్కారం పెడతాను. అయితే ప్రపంచానికి చవకగా మందులు చేసిపెట్టే దేశం మనది. ఇజ్రాయెల్ మనకు స్నేహితుడు, ఈజిప్టు స్నేహితుడు, పాలస్తీనాలో మనకు ప్రతినిధి కార్యాలయం ఉంది. ఈ ముగ్గురినీ కూర్చోబెట్టి, కేవలం డయాలసిస్ సామగ్రి, ఇన్సులిన్, పసిపిల్లల ఇంక్యుబేటర్లకు ఇంధనం, వీటికి మాత్రం ఏ రోజూ అడ్డు రాకండని మనం గట్టిగా అడిగితే కాదనడం వాళ్ళకు కష్టమయ్యేది. మనుషులను కూడా పంపాలి. మాకు లైన్‌మెన్లు వచ్చినట్టు డయాలసిస్ టెక్నీషియన్లు, ఆస్పత్రి కరెంటు సరిచేసేవాళ్ళు, నీటి శుద్ధి యంత్రాలు నడిపేవాళ్ళు వెళ్ళాలి. కొరియాకు కూడా మనం పంపింది మనుషులనే, సైన్యంలోని వైద్య సిబ్బందిని.

దీనికి మా ఉత్తరాంధ్రను వాడుకోమని కూడా అడుగుతున్నాను. ఐక్యరాజ్యసమితి సహాయ సామగ్రిని ముందే నిల్వ చేసే గోదాములు దుబాయ్‌లో, బ్రిండిసీలో, కౌలాలంపూర్‌లో ఉన్నాయి. విశాఖలో తూర్పు నౌకాదళం ఉంది. విజయనగరం జిల్లా భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయం వస్తోంది. మా జిల్లా మూలపేటలో ఓడరేవు కడుతున్నారు. యుద్ధాలకు, తుఫాన్లకు ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఒక నిల్వ కేంద్రం ఇక్కడ పెడితే తూర్పు తీరానికి తుఫాను వచ్చినప్పుడు మాకూ అక్కరకొస్తుంది. అందులో ఏముందో, ఎక్కడికి ఎంత వెళ్ళిందో ఎవరైనా చూసుకునేలా లెక్కలు బయట పెట్టాలి.

ఇక్కడ చాలామంది నన్ను అడిగిన ప్రశ్న మీకూ చెప్పాలి. "మేడమ్, మన ఉద్దానంలోనే మందులు దొరక్క చస్తుంటే గాజాకి, ఉక్రెయిన్‌కి ఎందుకు?" అడిగినవాళ్ళను నేను తక్కువ చేయను, వాళ్ళ ఇళ్ళలో రోగులున్నారు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చింది 2023 డిసెంబరులో. అంటే జబ్బు ఊళ్ళను తినేసిన ఎన్నో ఏళ్ళకు. ఆ ఆలస్యానికి కారణం మనం విదేశాలకు పంపిన దుప్పట్లు కాదు. మన బడ్జెట్టులో వాటి వంతు చాలా చిన్నది. పైగా పరాయి యుద్ధం మన వంటింటి దాకా వస్తుంది. 2022లో మా కిరాణా కొట్టులో సన్‌ఫ్లవర్ ఆయిల్ ధర చూసి జనం ప్యాకెట్టు వెనక్కి పెట్టేశారు. అప్పటిదాకా మన దేశం దిగుమతి చేసుకునే ఆ నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్ నుంచే వచ్చేది. అదే యుద్ధంలో మనకు లాభమూ కలిగింది. యుద్ధానికి ముందు మనం కొనే చమురులో రష్యా వాటా నూటికి రెండు కూడా లేదు, తర్వాత మూడో వంతు దాటింది. అది మన జనానికి అవసరమేనని ఒప్పుకుంటాను. కానీ ఒక యుద్ధం వల్ల మనకు చవగ్గా చమురు దొరికినప్పుడు, ఆ యుద్ధంలో నలిగిపోయినవాళ్ళకు మనం ఇచ్చేది కూడా పెరగాలి కదా.

ఓట్ల గురించి కూడా అడగాలి. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 250 మందిని బందీలుగా ఎత్తుకెళ్ళారు. దాన్ని మన దేశం వెంటనే ఖండించింది, అది న్యాయం. అక్టోబరు 27న సర్వప్రతినిధి సభలో మానవతా విరామం కోరే తీర్మానం వచ్చినప్పుడు, అందులో ఆ దాడి ప్రస్తావన లేదని మనం ఓటు వేయలేదు. డిసెంబరు 12న కాల్పులు ఆపాలన్న తీర్మానానికి అనుకూలంగా వేశాం. 2025 జూన్ 12న మళ్ళీ కాల్పుల విరమణ కోరుతూ, ఆకలిని యుద్ధాయుధంగా వాడటాన్ని ఖండిస్తూ తీర్మానం వస్తే 149 దేశాలు అవునన్నాయి, 12 కాదన్నాయి. ఓటు వేయని 19 దేశాల్లో మనం ఉన్నాం. పదో తరగతి పిల్ల నన్ను అడిగింది: "టీచర్, తిండి ఆపొద్దు అనడానికి కూడా పక్షం ఉంటుందా?" మీ శాఖ చెప్పిన వివరణ చదివి వినిపించాను. సంభాషణ ద్వారానే పరిష్కారం రావాలన్నారు. పిల్ల తృప్తి పడలేదు, నేనూ పడలేదు. ఎవరు గెలవాలన్న దాని మీద ఓటు వేయకపోతే నేను అర్థం చేసుకుంటాను. తిండి, నీళ్ళు, మందులు అందాలన్న మాట వచ్చినప్పుడు మన చెయ్యి లేవాలి. లేవని రోజున ఎందుకో పార్లమెంటులో చెప్పాలి, తెలుగుతో సహా మన భాషలన్నింటిలో రాసి పెట్టాలి.

మనవాళ్ళే యుద్ధంలో పావులైన విషయం ఒకటి ఉంది. ఉద్యోగాలిప్పిస్తామని ఏజెంట్లు తీసుకెళ్ళి రష్యా సైన్యంలో చేర్పించిన మన యువకుల సంగతి. 2025 జనవరిలో మీ శాఖే చెప్పింది: అలా చేరిన 126 మందిలో 96 మంది తిరిగొచ్చారు, 12 మంది చనిపోయారు, 16 మంది జాడ తెలియడం లేదని రష్యా అంటోంది. చనిపోయినవాళ్ళలో హైదరాబాద్ కుర్రాడు ఒకడు ఉన్నాడు. మా దగ్గర ఓడ ఉద్యోగం పేరుతో ఏజెంట్లకు లక్షలు పోసేవాళ్ళు ఎక్కువ. సీడీసీ, అంటే నావికుడి గుర్తింపు పుస్తకం, చేతికి రాగానే ఎటు పంపినా ఎక్కేస్తారు. ఏ సముద్రాన్ని యుద్ధ ప్రాంతంగా ప్రకటించారో, అక్కడికి పోనని చెప్పే హక్కు చాలా ఒప్పందాల్లో నావికుడికి ఉందని, పోతే అదనపు వేతనం, రెట్టింపు పరిహారం రావాలని ఇక్కడ చాలామందికి తెలియదు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ప్రతి తీరగ్రామం సచివాలయంలో ఈ విషయాలు తెలుగులో అంటించండి. లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా పక్కన పెట్టండి. యుద్ధం వచ్చినప్పుడు తెలుగులో మాట్లాడే మనిషి ఎత్తే ఫోన్ నంబరు ఒకటి ఇవ్వండి. మా అమ్మలాంటివాళ్ళకు హిందీ రాదు, ఇంగ్లిష్ రాదు.

మా ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి పోతే రుషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. కళింగ యుద్ధం చేసిన అశోకుడి శాసనాలు అక్కడ రాతి మీద ఉన్నాయి. ఆ యుద్ధంలో లక్ష మందిని చంపాం, లక్షా యాభై వేల మందిని తరలించాం అని పశ్చాత్తాపపడిన పదమూడో శాసనం మాత్రం ఓడిపోయిన ఈ నేల మీద చెక్కించలేదు. రెండో శాసనం ఉంది. చోళ, పాండ్య దేశాల్లో, యవన రాజుల దేశాల్లో కూడా మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేశామని, మందు మొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించామని అందులో రాసి ఉంది. ఏటా పిల్లలను ఆ కొండ దగ్గరికి తీసుకెళ్తాను.

నేను రాసినవాటిలో మీ శాఖ ఇప్పటికే చేస్తున్నవి ఉండవచ్చు. ఉంటే చెప్పండి, సంతోషిస్తాం. ఈ ఉత్తరం ప్రతులను మా పార్లమెంటు సభ్యుడికి, విదేశీ వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘానికి కూడా పంపుతున్నాను. అన్నిటికీ ఒకేసారి జవాబు ఇవ్వలేకపోతే రెండింటికి ముందు ఇవ్వండి. గాజాలోని డయాలసిస్ రోగుల సామగ్రి కోసం ఇజ్రాయెల్, ఈజిప్టు ప్రభుత్వాలతో మన దేశం విడిగా మాట్లాడిందా? రష్యా, ఉక్రెయిన్ యుద్ధఖైదీల, జాడ తెలియనివాళ్ళ విషయంలో మధ్యవర్తిగా ఉంటామని మన దేశం ఇద్దరికీ ఎప్పుడైనా రాతపూర్వకంగా చెప్పిందా?

ఇట్లు,
ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా